ముందు నీడ, తర్వాతే మనిషి

పోయిన నెల ఇదే శీర్షికలో ఒక మాట రాశాను. నెగటివ్ మీద వెలుగు పడినచోటు నల్లగా ఉంటుంది, నీడ పడినచోట ఏమీ ఉండదు, ఫిల్ము అద్దంలా మిగిలిపోతుంది అని. నర్సాపురంలో మా నాన్నగారి స్టూడియోలో 12 ఏళ్ల పిల్లనప్పుడు నెగటివ్‌లకి టచింగ్, అంటే పెన్సిల్‌తో సరిదిద్దే పని, చేస్తూ తెలుసుకున్న సంగతి అది. పెన్సిల్ ఎక్కడ పెట్టాలన్నా ముందు ఆ ఖాళీ ఎక్కడుందో చూసుకోమనేవారు నాన్నగారు. దానికి చాలా ఉత్తరాలొచ్చాయి. ఎక్కువమంది పాత లెన్సులతో నీడలు, ఖాళీలు ఎలా తీయాలని అడిగారు. వాటిలో ఏడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

మేడమ్, మా తాతగారి ట్రంకుపెట్టెలో పాత పెంటాక్స్ కెమెరా దొరికింది. దాని సూపర్ టాకుమార్ 50 ఎంఎం ఎఫ్ 1.4 లెన్సుని అడాప్టర్‌తో నా మిర్రర్‌లెస్ కెమెరాకి తగిలించాను. అరుగు మీద ఎండ, వెనక చీకటి గది వచ్చేలా ఫొటో తీస్తే ఆ చీకటి నల్లగా రావడం లేదు. పాలు కలిపిన నీళ్లలా వస్తోంది. పైగా పసుపు ఛాయ. లెన్సు పాడైపోయినట్టేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, రావులపాలెం

పాడవలేదు బాబూ, టెన్షన్ పడకండి. ముందు ఒక పరీక్ష చేయండి. రాత్రి గదిలో లైట్లు ఆర్పేసి, లెన్సు ఎపర్చర్ (వెలుగు లోపలికి వెళ్లే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనకనుంచి ఫోన్ టార్చి వేసి ముందునుంచి ఏటవాలుగా చూడండి. లోపలి గాజు మీద పొగ పట్టినట్టు పొర కనిపిస్తే మెకానిక్ చేత శుభ్రం చేయించాలి. పొర లేకపోతే లెన్సు బాగున్నట్టే, దానిలోకి అక్కర్లేని వెలుగు వస్తోందన్నమాట.

పూత లేని గాజు మీద వెలుగు పడితే ప్రతి ఉపరితలం దగ్గరా సుమారు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. లెన్సులో ఆరేడు గాజు ముక్కలుంటాయి. అలా తిరిగిన వెలుగు వాటి మధ్య అటూ ఇటూ కొట్టుకుని, చివరికి కొంత సెన్సర్ మీద సమంగా పరుచుకుంటుంది. ఎండ పడిన చోట ఆ కాస్త వెలుగు మనకి తెలియదు. నీడలో మాత్రం అదే తెల్లటి పొర. ఇప్పటి లెన్సుల మీద పూతలు చాలా పొరలుగా ఉంటాయి కాబట్టి ఈ బాధ తక్కువ. పెంటాక్స్ వాళ్లే 1971లో పలు పొరల పూతతో టాకుమార్‌లు తెచ్చారు. మీ తాతగారిది అంతకు ముందుది.

కాబట్టి మొదటి పని హుడ్, అంటే పక్కలనుంచి వచ్చే వెలుగుని ఆపే గొట్టం. స్టూడియోలో ఫొటో పేపరు ఒక నల్ల కాగితంలో చుట్టి వచ్చేది. నాన్నగారు ఆ కాగితం పారేసేవారు కాదు. దాన్ని గొట్టంలా చుట్టి, రబ్బరు బ్యాండుతో లెన్సు మూతికి బిగించేవారు. మీరూ నల్ల చార్టు పేపరుతో అలాగే చేయండి. ఫొటో మూలలు నల్లబడితే గొట్టం పొడుగైనట్టు, కాస్త కత్తిరించండి. రెండో పని, అడాప్టర్ లోపలివైపు చూడండి. చవక అడాప్టర్‌ల లోపలి గోడ తళతళలాడుతూ ఉంటుంది, వెలుగు దాని మీద పడి మళ్లీ సెన్సర్ మీదికే వస్తుంది. అక్కడ నల్ల వెల్వెట్ కాగితం అంటించండి, తేడా మీకే తెలుస్తుంది. మూడోది, మీరు నిలబడే చోటు. ఎండలో నిలబడి అరుగు తీయకండి. ఎదురింటి చూరు కింద నీడలో నిలబడి తీయండి. కెమెరా నీడలో ఉంటే ఫొటోలో నీడ నల్లగా నిలుస్తుంది. పాత లెన్సు పట్టుకున్న ప్రతివాళ్లకీ నేను చెప్పే మొదటి మాట ఇదే.

ఎక్స్‌పోజర్ సంగతి. కెమెరా మీటరు దేన్నయినా మధ్యరకం బూడిదరంగు చేయాలని చూస్తుంది. ఫ్రేములో ముప్పాతిక భాగం చీకటి ఉంటే దాన్ని కూడా బూడిదరంగు చేసేస్తుంది. అందుకే ఫొటో ఎంత వెలుగుగా రావాలో మార్చే కాంపెన్సేషన్ సెట్టింగ్‌ని మైనస్ 1 నుంచి మైనస్ 2 దాకా తగ్గించండి. ఎండ పడిన సున్నపుగోడ మీద గీతలూ పగుళ్లూ కనబడే దాకా తగ్గిస్తే చాలు. డిజిటల్‌లో తెల్లబారిపోయిన చోట తర్వాత ఏమీ తెచ్చుకోలేం. ఫిల్ము నెగటివ్‌తో లెక్క తిరగబడుతుంది, అక్కడ పోయిన నీడ మళ్లీ దొరకదు. ఎపర్చర్ ఎఫ్ 4 లేదా 5.6 పెట్టండి, ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్ 1.4 దగ్గర ఈ లెన్సు వెలుగు అంచుల్ని మెత్తగా పొంగిస్తుంది, ముఖాలకి అందం గానీ నీడ అంచుకి కాదు.

పసుపు ఛాయకి కారణం ఆ రోజుల్లో కొన్ని గాజుల్లో కలిపిన థోరియం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాజు పచ్చబడుతుంది. అతినీలలోహిత కిరణాలు తగిలితే చాలావరకు విరుగుతుంది. చలికాలం పొద్దుటి ఎండలో, మూతలు తీసి, రోజుకి కొన్ని గంటల చొప్పున కొన్ని వారాలు పెట్టండి. మే నెల ఎండలో వద్దు, లోపలి గ్రీజు కరిగి ఎపర్చర్ బ్లేడ్ల మీదికి వస్తుంది. ఎండలో లెన్సు భూతద్దంలా పనిచేస్తుంది కాబట్టి కింద గుడ్డ గానీ కాగితం గానీ ఉంచకుండా సిమెంటు గట్టు మీద పెట్టి, దగ్గరే ఉండండి. థోరియానికి కొద్దిపాటి రేడియోధార్మికత ఉంటుంది. వాడుకోవడానికి భయం లేదు, గాజు ముక్కల్ని విప్పి గీకడం మాత్రం చేయకండి. నలుపు తెలుపు ఫొటోలే తీసేటట్టయితే ఆ పసుపుని అలాగే వదిలేయండి. ఆకాశాన్ని కాస్త ముదురు చేస్తుంది.

అమ్మా, ఫొటోలో ఖాళీ వదలాలని మీరు రాసింది చదివి, మా మావగారి పాత కెమెరా లెన్సుతో మా చేలగట్టు మీద ఒక కొంగని తీశాను. చుట్టూ అంతా నీళ్లే. మావారు చూసి ‘ఫొటో అంతా ఖాళీగానే ఉంది, కొంగ ఏదీ’ అన్నారు. ఎంత ఖాళీ వదిలితే సరిపోతుంది?
– గృహిణి, పాలకొల్లు

నాకు 19 ఏళ్లప్పటి సంగతి చెబుతానమ్మా. ధనుర్మాసం, తెల్లారి ఆరున్నర. సఖినేటిపల్లి వెళ్లడానికి నర్సాపురం రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) కోసం నిలబడ్డాం. వశిష్ఠ గోదావరి మీద మంచు. అవతలి గట్టు లేదు, నీళ్లకీ ఆకాశానికీ మధ్య గీత లేదు, అంతా ఒకటే తెలుపు. ఆ తెలుపులోంచి ఒక నాటు పడవ వచ్చింది, గెడ వేస్తూ నిలబడ్డ మనిషి ఒక్కడే. నా చేతిలో నాన్నగారి యాషికా మ్యాట్. రోలుకి 12 ఫొటోలే, పదకొండు అయిపోయాయి. మిగిలిన ఒక్కదానిలో ఆ మనిషిని కింద ఎడమ మూలకి పెట్టి నొక్కాను.

ప్రింటు ఆరాక నాన్నగారు చాలాసేపు చూశారు. ఆయన స్టూడియోలో కుటుంబం ఫొటో అంటే అంచుల దాకా మనుషులు నిండాలి, డబ్బులిచ్చినవాళ్లు ఖాళీ ఒప్పుకోరు. తిడతారేమో అనుకున్నాను. ‘ఈయన ఎటు పోతున్నాడమ్మా?’ అని అడిగారు. కుడివైపుకండీ అన్నాను. ‘అయితే కుడిపక్క ఇంకో బెత్తెడు వదలాల్సింది’ అన్నారు. ఎక్కువ వదిలానని నేను బెదురుతుంటే, ఆయన తక్కువ వదిలానన్నారు. 40 ఏళ్లు దాటింది, ఆ బెత్తెడు ఇప్పటికీ నాకు కనిపిస్తుంది.

మీ కొంగ విషయంలో నేను అడిగేది కూడా అదే. అది ఎటు చూస్తోంది? చూసేవైపు వదలండి, వెనకవైపు తగ్గించండి. ఎంత అన్నదానికి కొలత లేదు, కానీ భయపడి సగం సగం వదిలితే మాత్రం ఫొటో ఎటూ కాకుండా పోతుంది. మనిషి గానీ పక్షి గానీ ఫ్రేములో పదోవంతు ఉన్నా చాలు, దాని ఆకారం ఒక్క చూపులో తెలిసిపోవాలి. మెడ చాచిన కొంగ తెలుస్తుంది, ముడుచుకుని నిలబడితే గుడ్డపేలికలా ఉంటుంది. అది మెడ చాచేదాకా ఆగాలి.

ఇంకో సంగతి, ఆ ఖాళీ శుభ్రంగా ఉందా? నాట్ల ముందు దమ్ము చేసి నీళ్లు కట్టిన చేనంత మంచి ఖాళీ మన డెల్టాలో ఇంకోటి లేదు. కానీ అందులో ఒక్క కరెంటు స్తంభం నీడ పడినా, మూలన ఒక ప్లాస్టిక్ సంచీ తేలినా కన్ను అక్కడికే పోతుంది. నొక్కే ముందు నాలుగు అంచులూ ఒకసారి చుట్టి రండి. పాత లెన్సుకి జూమ్ లేదు కాబట్టి రెండడుగులు పక్కకి జరగాలి, లేదా గట్టు మీద కూర్చోవాలి. కూర్చుంటే స్తంభం పైకి పోతుంది, నిలబడితే నీళ్లు ఎక్కువ కనిపిస్తాయి. ఇలా నేలంతా, నీళ్లంతా తెలుపున్నప్పుడు కాంపెన్సేషన్ ప్లస్ 1 పెట్టండి, లేకపోతే మంచు మురికిగా వస్తుంది.

మా పిన్ని నర్సాపురం లేసు అల్లేది. క్రోషే సూదితో పువ్వు అల్లుతూ దారపు గళ్లకంటే కన్నాల్నే ముందు లెక్కపెట్టుకునేది. ఒక్క కన్నం మూసుకుపోతే పువ్వు ఆకారం చెడిపోతుందని విప్పేసేది. మా ఊళ్లోనే 1933లో పుట్టిన బాపు గారి బొమ్మ చూసినా అంతే, రెండు గీతలు గీసి మిగతా కాగితం వదిలేస్తారు, ఆ తెల్ల కాగితమే చెంప అయిపోతుంది. మీవారికి ఆ కొంగ ఫొటోని ఫోన్లో చూపించకండి. ఎనిమిదికి పన్నెండు అంగుళాల ప్రింటు వేయించి చూపించండి. ఖాళీకి కాగితం కావాలమ్మా. అరచేయంత తెరమీద కొంగ నిజంగానే కనపడదు, ఆ మాట వరకు ఆయనదీ న్యాయమే.

హీలియోస్ 44-2 లెన్సు కొన్నాను. మా కొబ్బరితోటలో నేల మీద పడే మట్టల నీడలు తీస్తుంటే ఎంత ఫోకస్ చేసినా అంచులు మసకగానే వస్తున్నాయి. అదే లెన్సుతో మా గేటు నీడ తీస్తే కత్తిలా వచ్చింది. లెన్సులో దోషమా, నా కంటిలోనా?
– కొబ్బరి వ్యాపారి, అంబాజీపేట

రెండింటిలోనూ లేదండి, సూర్యుడిలో ఉంది. ఈ ప్రశ్న అడిగినందుకు మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు, ఎందుకంటే నేనూ ఒక వేసవి అంతా దీని కోసమే తోటల్లో తిరిగాను.

సూర్యుడు చుక్క కాదు, మన కంటికి అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకని ఏ నీడ అంచైనా కొంత మసకబారుతుంది. ఎంత అంటే, ఆ వస్తువుకీ నీడ పడే చోటుకీ ఉన్న దూరంలో సుమారు 108వ వంతు. మీ చెట్టు 15 మీటర్ల ఎత్తుంటే, నడినెత్తి ఎండలో కూడా మట్ట నీడ అంచు 14 సెంటీమీటర్ల మేర కరిగిపోతుంది. కొబ్బరాకు వెడల్పే నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది, ఇక ఆకుకి ఆకు ఎక్కడ విడిపడుతుంది? పొద్దు వాలిన కొద్దీ ఆ దూరం పెరిగి ఇంకా మసకవుతుంది. మీ గేటు ఊచలు నేలకి అడుగు దూరంలో ఉంటాయి, మూడు మిల్లీమీటర్లు కూడా కరగదు.

కాబట్టి పదునైన నీడ కావాలంటే నేలకి దగ్గరున్నవాటిని వెతుక్కోండి. రెండు మీటర్ల కొబ్బరిమొక్క ఉంటే దాని ఆకులు ఒక్కొక్కటీ విడివిడిగా దువ్వెన పళ్లలా పడతాయి. నులకమంచం నీడ, తడిక నీడ, ఆరేసిన వల నీడ, మీ కళ్లంలో కొబ్బరికాయల రాశి పక్కన దిగేసిన గుణపం నీడ, ఇవన్నీ గీత గీసినట్టు వస్తాయి. పెద్ద చెట్ల నీడ కావాలనుకుంటే దాని మెత్తదనాన్నే ఒప్పుకోండి. సున్నం వేసిన తెల్లగోడ మీద కరిగిపోతున్న మట్ట నీడ ఒక్కటి, దాని కింద పదునైన మనిషి నీడ ఒకటి పడితే, ఏది ఎంత ఎత్తులో ఉందో ఫొటోయే చెబుతుంది.

గుబురు చెట్టు కింద ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు బిళ్లలు గుండ్రంగా ఎందుకుంటాయో గమనించారా? అవి ఆకు సందు ఆకారాలు కావు, సూర్యుడి బొమ్మలే. 2019 డిసెంబరు 26 పొద్దున గ్రహణం పట్టినప్పుడు మా దొడ్లో చింతచెట్టు కింద ఆ బిళ్లలన్నీ నెలవంకలైపోయాయి. నేల మీద వందల నెలవంకలు! నిక్షేపంగా నేల వంక చూస్తూ తీసుకున్నాను. సూర్యుడి వైపు మాత్రం లెన్సు పెట్టి కంటితో చూడొద్దు, చూపు పోతుంది.

మీ హీలియోస్ గురించి ఒక మాట. దాన్ని ఎఫ్ 2 దగ్గర తెరిచి కొబ్బరాకుల్ని వెనక పెడితే ఆకుల సందులన్నీ సుడి తిరుగుతాయి. చాలామంది ఆ సుడి కోసమే ఈ లెన్సు కొంటున్నారు. నాకు మాత్రం ఖాళీ కావాల్సిన ఫొటోలో ఆ సుడి నచ్చదు, కన్ను నిలవనివ్వదు. దానికి రెండు ఎపర్చర్ రింగులుంటాయి. ఒకటి ఎఫ్ 8 దగ్గర పెట్టి, రెండోదాన్ని తెరిచి ఫోకస్ చేసుకుని, అంతా సరిపోయాక మూసి నొక్కడమే. కెమెరా మెనూలో ‘లెన్సు లేకుండా షట్టర్’ అనే సెట్టింగ్ ఆన్ చేయకపోతే కొన్ని కెమెరాలు అసలు నొక్కనివ్వవు. మీ తమ్ముడి నిక్కాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి కూడా ఇది పెడతామని రాశారు. వద్దు. మర తిప్పి బిగించే ఈ ఎం42 రకం లెన్సులు ఫిల్ముకి 45.46 మిల్లీమీటర్ల దూరంలో కూర్చోవాలి, నిక్కాన్‌లో ఆ దూరం 46.5. ఆ ఒక్క మిల్లీమీటరు తేడాకే దూరంగా ఉన్న చెట్లు ఫోకస్‌లోకి రావు.

నీడ ఇంకా నల్లబడేలా కంప్యూటర్‌లో దిద్దుతున్నాను. మోసమంటావా అక్కా?
– వెడ్డింగ్ ఫొటోగ్రాఫర్, అమలాపురం

మోసం కాదు తమ్ముడూ. హాంకాంగ్ వీధుల నీడల్ని రోలీఫ్లెక్స్‌తో తీసిన ఫాన్ హో గారి ఫొటోలు నువ్వు చూసే ఉంటావు. 1954లో ఆయన తీసిన ఒక పేరుపొందిన ఫొటోలో, తెల్లగోడ మీద ఏటవాలుగా కోసినట్టున్న పెద్ద నీడ అసలు అక్కడ లేనే లేదు. డార్క్‌రూములో ఆయన కలిపింది. కానీ గోడ మూలన నిలబడ్డ ఆ అమ్మాయి, ఆ గోడ, ఆ ఖాళీ ముందే కుదిరాయి. నువ్వు నల్లబరచబోయే చోట ఏమీ లేకపోతే ఇబ్బంది లేదు. అక్కడ పెళ్లికూతురి తల్లి నిలబడి ఉంటే మాత్రం ఆమెని చీకట్లో కలిపేయకు. ఆమె ఆ ఫొటో కోసం జీవితాంతం వెతుక్కుంటుంది.

మే నెలలో మధ్యాహ్నం అసలు నీడలే ఉండవు. వేసవిలో కెమెరా లోపల పెట్టేయాల్సిందేనా?
– టీచర్, యానాం

పెట్టేయకండి మాస్టారూ. మన డెల్టా 16, 17 డిగ్రీల అక్షాంశం మధ్య ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారం దాటుతుండగా ఇంకోసారి సూర్యుడు మనకి సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. మన దేశపు గడియారం టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కూడా మనకి దగ్గర్లోనే పోతుంది కాబట్టి, మన దగ్గర గడియారంలో 12కీ అసలైన మిట్టమధ్యాహ్నానికీ పెద్ద తేడా లేదు. ఆ వేళకి మనిషి నీడ కాళ్ల కిందికి వెళ్లిపోతుంది. డిసెంబరులో అదే వేళకి మనిషి ఎత్తులో ఎనభై శాతం పైనే పొడుగుంటుంది.

కానీ నేల మీద నీడ పొట్టిదైన రోజున గోడ మీద నీడ పొడుగవుతుంది. మే నెలలో పన్నెండింటికి చూరు నీడ గోడ మీద బారెడు కిందికి దిగుతుంది. ఎండ గోడని రాసుకుంటూ జారుతుంది కాబట్టి పాత సున్నంలో ప్రతి గరుకూ, ప్రతి పెచ్చూ పైకి లేచి కనిపిస్తుంది. ఇంకో సంగతి, మే ఏడెనిమిది నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం పక్కన ఉంటాడు. ఏడాదంతా నీడలో ఉండే ఉత్తరపు గోడలకి ఆ మూడు నెలలే మధ్యాహ్నపు ఎండ. మీ యానాంలో పాత గోడలు, పాత కిటికీ తలుపులు ఉన్న వీధుల్లో ఉత్తరం వైపు తిరిగిన గోడ ఒకటి ఎంచుకుని, ఈ మేలో వారానికోసారి వెళ్లి ఒకే చోటునుంచి తీసి చూడండి.

నా 105 ఎంఎం నిక్కార్ (నిక్కాన్ వాళ్ల) లెన్సులో సాలెగూడులా ఏదో మొలిచింది. చెరువుల దగ్గర ఇల్లు మాది. ఏం చేయాలి?
– రొయ్యల రైతు, భీమవరం

అది బూజండి. దాన్ని మిగతా లెన్సుల పక్కన ఉంచకుండా ఈ రోజే వేరు చేయండి. కొత్తగా పట్టిందైతే తెలిసిన మెకానిక్ విప్పి తుడిస్తే పోతుంది. పాతదైతే పూతని, ఒక్కోసారి గాజునీ తినేస్తుంది, తుడిచినా మచ్చ ఉంటుంది. అలాంటి లెన్సుతో ఎండకి ఎదురుగా తీస్తే నీడలన్నీ తేలిపోతాయి, ఎండని వెనక పెట్టుకుంటే ఇంకా పనిచేస్తుంది.

1996 నవంబరు 6 రాత్రి తుపానులో మా పెంకులు ఎగిరిపోయాయి. పెళ్లయి అమలాపురం వచ్చేశాను అప్పటికి. పిల్లల్ని, బియ్యాన్ని, బట్టల్ని చూసుకునే హడావుడిలో నాన్నగారి నెగటివ్‌ల ట్రంకు పెట్టె మూత నెల దాటాక గానీ తీయలేదు. నెగటివ్‌లు ఒకదానికొకటి అతుక్కుని అట్టలా అయిపోయాయి, యాషికా లెన్సంతా బూజు. నేను చెప్పిన ఆ పడవ నెగటివ్ కూడా అందులోనే పోయింది, ప్రింటు ఒక్కటే మిగిలింది. తడిసిన రోజునే మూత తీసి ఆరబెట్టి ఉంటే సగమైనా దక్కేవి. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను, తోలు కేసులో లెన్సు ఉంచకండి, తోలు తేమని పట్టి ఉంచుతుంది. గట్టి మూతున్న డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. నీలం గుళికలు గులాబీరంగుకి మారితే తేమ నిండిందని గుర్తు, వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. ఆ నీలంలో విషపదార్థం ఉంటుంది కాబట్టి వంటపాత్రల్లో వేడిచేయొద్దు. నారింజరంగు రకం దొరికితే అదే మేలు. అన్నిటికంటే, లెన్సుని వారానికోసారి బయటికి తీసి వాడండి.

మా అమ్మమ్మగారి మండువా లోగిలి రాజోలు దగ్గర ఉంది. వాటాలు పంచుకున్నారు, సంక్రాంతి వెళ్లాక పడగొట్టేస్తారు. నేను హైదరాబాదు నుంచి భోగికి వచ్చి నాలుగు రోజులుంటాను. నా దగ్గరున్నది పాత నిక్కార్ 50 ఎఫ్ 1.8 ఒక్కటే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి పెడతాను. అంత ఇల్లు దాంతో ఎలా తీయను?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 50తో ఇల్లంతా పట్టదు. పట్టించాలని గోడకి వీపు ఆనించి అవస్థ పడకండి. ఆ ఇంట్లో ఎండ ఎక్కడెక్కడికి వస్తుందో అది తీయండి.

సంక్రాంతి వేళ సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, మధ్యాహ్నానికి కూడా 52 డిగ్రీలకి మించి ఎక్కడు. ఇంటి నడుమ పైకప్పు లేకుండా తెరిచి ఉన్న మండువాలోంచి దిగే ఎండ పొద్దున పడమటి వసారా స్తంభాల మీద పడుతుంది. తొమ్మిది, పది గంటలకి నేల మీదికి జారుతుంది. మధ్యాహ్నం ఉత్తరపు వసారాలోకి వెళుతుంది. మూడు దాటాక తూర్పు వసారా స్తంభాలెక్కి పోతుంది. భోగి రోజున కెమెరా పట్టకుండా ఒక పుస్తకం పెట్టుకుని, అరగంటకోసారి ఆ ఎండ ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. సంక్రాంతి రోజున ట్రైపాడ్ ఒకేచోట నిలిపి, ఫోకస్ మార్చకుండా, అదే అరగంటల లెక్కన తీయండి. ఎఫ్ 8 పెట్టి ఐదు మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే సుమారు మూడున్నర నుంచి తొమ్మిదిన్నర మీటర్ల దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. మీటరు ఎండ పడ్డ గచ్చుని చూసి పెట్టండి. మిగతా ఇల్లు చీకట్లోకి పోతుంది, పోనివ్వండి. ఆ చీకట్లోంచి ఒక దూలం అంచు, ఒక ఇత్తడి బిందె మెడ మెరిస్తే మీకు ఆ ఇల్లు మొత్తం గుర్తొస్తుంది.

అమ్మమ్మగారిని ఎండలో కూర్చోబెట్టకండి. ఎండ ముక్కకి ఒక అడుగు ఇవతల నీడలో పీట వేయండి. నేల మీంచి ఎగిరే వెలుగు కిందనుంచి ముఖం మీదికి మెత్తగా వస్తుంది, చిన్నప్పుడు మా స్టూడియోలో తెల్లగుడ్డ పరిచి చేసిన పని అదే. ఆవిడ వెనక చీకటి గది గుమ్మం రావాలి, తల చుట్టూ గుమ్మం ఖాళీగా ఉండాలి. క్యాలెండరు ఉంటే ఒక్క నిమిషం తీసి పక్కన పెట్టండి. కెమెరా వంక చూడమని అనకండి, ఎవరు ఏ గదిలో పుట్టారో చెప్పమని అడగండి.

ముగ్గు గురించి మర్చిపోకండి. సంక్రాంతి పొద్దున్నే మండువా నేల మీద చుక్కలు పెట్టి, గీతలు ఇంకా కలపకముందు ఒక ఫొటో తీయండి. దీపపు గూడు పైన ఏళ్ల తరబడి పట్టిన మసి, ఉయ్యాలబల్ల గొలుసులు, గుమ్మానికి పిల్లల ఎత్తులు గీసిన గీతలుంటే అవి, ఇవన్నీ 50కి బాగా అందుతాయి.

చివరి రోజు సామానంతా తీసేశాక మళ్లీ కెమెరా పట్టండి. పటాలు వేలాడిన చోట గోడ మీద తెల్లటి చతురస్రాలు మిగులుతాయి, చుట్టూ పొగబారిన గోడ. వాటిని ఎదురుగా నిలబడి, కెమెరా వంకర లేకుండా, ఒక్కొక్కటీ విడిగా తీయండి. ఏ చతురస్రంలో ఎవరి పటం ఉండేదో అమ్మమ్మగారిని అడిగి వెనక రాసుకోండి.

మొత్తం మండువా ఒక్క ఫ్రేములో కావాలంటే నా దగ్గర 28 ఎంఎం నిక్కార్ ఉంది, పాతదే, మీ కెమెరాకి సరిపోతుంది. కనుమ నాడు ప్రభల తీర్థానికి నేను జగ్గన్నతోట వస్తాను, మర్నాడు పొద్దున రాజోలు వైపు రాగలను. అమ్మమ్మగారికి అభ్యంతరం లేకపోతే పత్రిక ఆఫీసుకి ఒక కార్డు ముక్క రాయండి, తొమ్మిదిన్నరకి ఎండ గచ్చు మీదికి దిగేలోపు వచ్చేస్తాను.